జ్వరపు దారిని కనుగొనిన రొనాల్డ్ రాస్

విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరునకు పోవు రైలుమార్గము 1931వ సంవత్సరమున పూర్తియయ్యెను. బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు వలసపోయిన తెలుగు కుటుంబములకు అది చిరపరిచితమైన దారి. కొండలను, వాగులను, దట్టమైన అడవులను దాటుచు ఆ బండి పోవును. చూచుటకు కన్నులపండుగగానుండు ఈ అడవుల పేరు చెప్పినంతనే ఒకనాడు మైదానపు జనులు భయపడెడివారు. పులికంటె జ్వరమునకే వారు ఎక్కువగా భయపడెడివారు. మన్యమునకు పోయినవాడు కొద్ది వారములలో వణకుచు తిరిగివచ్చుట, లేక తిరిగిరాకయే పోవుట సామాన్యముగా జరుగుచుండెడిది. మొదట దుప్పటిమీద దుప్పటి కప్పినను ఆగని చలి. తరువాత నిప్పులవంటి వేడి. ఆ తరువాత ఒళ్లంతయు చెమట. ఒక దినము విడిచి మరల అదే వరుస. మనవారు దానిని చలిజ్వరమనిరి, మన్యపు జ్వరమనిరి. కొండనీళ్లు పడలేదనిరి. కొండదేవత కోపగించినదని కోళ్లను కోసిరి. ఐరోపా వైద్యులైనను ఇంతకంటె ఎక్కువ ఎరిగినవారు కారు. మలేరియా అను మాటకు చెడుగాలి అని అర్థము. బురదనేలలనుండి లేచు దుర్గంధమే ఈ వ్యాధికి మూలమని వారు తరతరములుగా నమ్మి, ఆ నమ్మకమును వ్యాధి పేరులోనే నిలిపియుంచిరి.

ఈ జ్వరము ధనవంతుని విడువలేదు, దరిద్రుని విడువలేదు. ఆఫ్రికాఖండమున సేవచేసిన డేవిడ్ లివింగ్‌స్టన్ భార్య మేరీ 1862వ సంవత్సరమున జాంబెజీ నదీతీరమున దీనితోనే కన్నుమూసెను. మన దేశము స్వాతంత్ర్యము పొందిన 1947వ సంవత్సరపు అంచనా ప్రకారము ఏటేట 7 కోట్ల 50 లక్షలమంది దీనిబారిన పడుచుండగా 8 లక్షలమంది మరణించుచుండిరి. ఏ యుద్ధమును ఇంతమందిని ఇంత క్రమముగా, ప్రతి సంవత్సరము, చప్పుడు చేయక పొట్టనపెట్టుకొనలేదు.

పైన చెప్పిన రైలుమార్గమునకు ఒక కొసనున్న విజయనగరములో 1880వ దశకమున, ఆ మార్గము వేయబడక పూర్వము, ఒక యౌవనస్థుడైన సైనిక వైద్యుడు కొంతకాలము కాపురముండెను. వైద్యమునందు అతనికి అంత ఆసక్తి లేకుండెను. పద్యములు వ్రాయుట, గణితశాస్త్రపు పుస్తకములు ముందు వేసికొని కూర్చుండుట, వేటాడుట, ఇవి అతనికి ఇష్టమైన పనులు. చలిజ్వరము మనుష్యునిలోనికి ఏ దారిన వచ్చునో లోకమునకు చూపబోవువాడు అతడేయని ఆనాడు ఎవరైన చెప్పియుండినయెడల అతడే మొదట నవ్వియుండును. అతని పేరు రొనాల్డ్ రాస్.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ పర్వతములలోని అల్మోరాలో పుట్టెను. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు చెలరేగి అప్పటికి మూడు దినములే అయ్యెను. తండ్రి స్కాట్లండు వంశస్థుడు, బ్రిటిష్ ఇండియా సైన్యములో అధికారి. పదిమంది సంతానములో రొనాల్డు పెద్దవాడు. ఎనిమిదవ యేట అతనిని ఇంగ్లండునకు పంపివేసిరి. ఆ కాలమున ఈ దేశములోని ఆంగ్లేయుల పిల్లలకు అది తప్పని వనవాసము. చిత్రకారుడు కావలెననియు, కవి కావలెననియు అతడు కోరుకొనెను. వైద్యుడు కావలెనని తండ్రి కోరెను. తండ్రి మాటయే నెగ్గెను. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరిన రాస్ మనస్సు పెట్టి చదువలేదు. ఒక పరీక్షలో తప్పి, ఓడలో వైద్యుడుగా అట్లాంటిక్ సముద్రమును దాటుచు కొంతకాలము గడిపి, ఎట్టకేలకు 1881వ సంవత్సరమున ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించెను. మద్రాసు, బెంగుళూరు, విజయనగరము, బర్మాలోని మౌల్మెయిన్, అండమాను దీవులు, ఇట్లు సైన్యము పంపిన చోట్లకెల్ల తిరిగెను.

బెంగుళూరులో 1883వ సంవత్సరమున జరిగిన ఒక చిన్న సంగతిని ఇచ్చట చెప్పుట అవసరము. రాస్ ఉన్న బంగళాలో అతని గది ఒక్కదానిలోనే దోమలు మెండుగా ఉండెను. కారణమేమని చూడగా కిటికీ వెలుపల ఒక నీళ్లతొట్టియుండెను. దానిలో దోమల పిల్లపురుగులు కుప్పలుగా తిరుగుచుండెను. తొట్టిని బోర్లించగా దోమలు దాదాపు పోయెను. అధికారులందరు భోజనముచేయు ఇంటిలోకూడ పూలకుండీలలోను బల్లల క్రింది డబ్బాలలోను నిలిచిన నీటిని ఇట్లే పారబోయవచ్చునని అతడు పైయధికారికి తెలియజేసెను. ఆ అధికారి ఒప్పుకొనలేదు. దోమలను కలుగజేయుటకు సృష్టికర్తకు ఏదో ఉద్దేశముండును గనుక వాటిని సహించుటయే మన విధియని అతడు తీర్పు చెప్పెను. నల్లులను, పేలనుకూడ అట్లే సహింపవలసివచ్చునే యని రాస్ వాదించెను గాని ఫలము లేకపోయెను.

దైవభక్తి వేషము వేసికొనిన సోమరితనము ఎట్లుండునో ఈ కథ మనకు చూపుచున్నది. పాళెములోనివారు తమ మలమును పాళెము వెలుపల గోయి త్రవ్వి కప్పవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. శుభ్రతను ఇంత సూక్ష్మముగా విధించిన దేవుడు తొట్టిలో కుళ్లు నీటిని నిలువయుంచుటను భక్తిగా ఎంచునా? అయినను ఆ సైనికాధికారి మాట మన సంఘములలో ఈనాటికిని వినబడని మాట కాదు. బిడ్డ జ్వరముతో కాగిపోవుచుండగా అది దేవుని చిత్తమని చేతులు కట్టుకొని కూర్చుండువారు నేటికిని ఉన్నారు.

1888-89 సంవత్సరములలో సెలవుపై ఇంగ్లండు వెళ్లినప్పుడు రాస్ ప్రజారోగ్యశాస్త్రములో డిప్లొమా పుచ్చుకొని, సూక్ష్మజీవులను గూర్చియు కొంత నేర్చుకొనెను. 1889వ సంవత్సరమున రోసా బ్లాక్సమ్ అను ఆమెను వివాహమాడెను. అటుతరువాత అతని మనస్సు జ్వరమువైపు తిరిగెను. అప్పటికే ఆల్ఫోన్స్ లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు 1880వ సంవత్సరమున అల్జీరియాలో జ్వరరోగి రక్తములో ఒక సూక్ష్మజీవిని చూచియుండెను. రాస్ ఇండియాలో ఎంత వెదకినను అది కనబడకపోగా లావెరాన్ పొరపడెనని అతడు తలంచెను. 1894వ సంవత్సరమున లండనులో పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు అతనిని పిలిచి, సూక్ష్మదర్శినిలో ఆ జీవిని స్వయముగా చూపెను. బోదకాలు పురుగు దోమ శరీరములో పెరుగుటను మాన్సన్ చైనాలో ఉన్నప్పుడు కనిపెట్టియుండెను. చలిజ్వరపు జీవియు దోమలోనే పెరుగుచుండవచ్చునని అతడు ఊహించి, ఆ ఊహను రాస్ చేతిలో పెట్టెను. రాస్ ఇండియాకు తిరిగివచ్చిన తరువాత నాలుగు సంవత్సరములలో ఆ ఇరువురి మధ్య నూరు దాటిన ఉత్తరములు నడిచెను. గురువు లేనియెడల ఈ శిష్యుడు దారి తప్పియుండుననుట నిశ్చయము.

అయితే గురువు ఊహలో సగము తప్పు. దోమ నీటిలో చచ్చి పడునని, ఆ నీటిని త్రాగుటచేత జ్వరము వచ్చునని మాన్సన్ తలంచెను. 1895వ సంవత్సరమున సికింద్రాబాదు దండులో చేరిన రాస్ ఈ ఊహను పరీక్షించుటకు పూనుకొనెను. జ్వరరోగులను కుట్టిన దోమలు చచ్చిపడిన నీటిని కొందరు పేదవారు డబ్బు పుచ్చుకొని త్రాగిరి. ఒకరికి కొద్దిపాటి జ్వరము వచ్చెను; తక్కినవారికి రాలేదు. ఇట్టి పరీక్షను నేడు ఏ వైద్యశాలయు అనుమతింపదు. పరిశోధకుని కీర్తిని గూర్చి చెప్పుకొనునప్పుడు ఆ నీటిని త్రాగిన బీదవారిని మరచిపోవుట న్యాయము కాదు.

ఇంతలో బెంగుళూరులో కలరా వ్యాపించెను. పారిశుధ్యపు పని నిమిత్తము 1895వ సంవత్సరము సెప్టెంబరులో రాస్‌ను అక్కడికి పంపిరి. దోమలపని వెనుకబడెను. బావులు, మురుగుకాలువలు, చెత్తకుప్పలు, ఇవే అతని దినచర్య. ఒకటిన్నర సంవత్సరము ఇట్లు గడిచిన తరువాత, 1897వ సంవత్సరమున సెలవు పెట్టి, జ్వరమునకు పేరుపడిన చోటు వెదకుకొనుచు నీలగిరులలో ఉదకమండలము క్రిందనున్న సిగూరు కనుమకు పోయెను. అక్కడ అతనికే చలిజ్వరము పట్టుకొనెను.

ఆ నీలగిరులలోనే చలిజ్వరమునకు ఔషధము పెరుగుచుండుట గమనింపదగినది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో పుట్టిన సింకోనా చెట్టు బెరడు జ్వరమును తగ్గించునని లోకము 17వ శతాబ్దమునుండి ఎరుగును. 1820వ సంవత్సరమున ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆ బెరడునుండి క్వినైనును వేరుచేసిరి. 1860వ దశకమున ప్రభుత్వము ఆ మొక్కలను తెప్పించి నీలగిరి కొండవాలులలో నాటించెను. చెట్టు బెరడులో మందును దాచియుంచిన సృష్టికర్త జ్ఞానమును తలంచినకొలది ఆశ్చర్యము కలుగును. మన కాలమున చైనాదేశపు శాస్త్రజ్ఞురాలు టు యుయు మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కనుండి ఆర్టిమిసినిన్ అను మందును వెలికితీసి, దానికై 2015వ సంవత్సరమున నోబెల్ బహుమానము పొందెను. రాస్ క్వినైను పుచ్చుకొని కోలుకొనెను. కాని ఔషధము జ్వరమును దించగలదే గాని, అది ఎట్లు వచ్చినదో చెప్పలేదు. ఆ ప్రశ్న అట్లే నిలిచియుండెను.

1897వ సంవత్సరము జూనులో అతడు సికింద్రాబాదునకు తిరిగివచ్చెను. బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాలయే అతని ప్రయోగశాల. ఆ యేడు ఎండలు మిక్కుటముగా ఉండెను. పంకా వేయించుకొనుటకు వీలులేదు, ఏలయనగా గాలికి కోసిన దోమల ముక్కలు ఎగిరిపోవును. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటికి ఆనించు గాజు పగిలెను. చిన్న ఈగలు వచ్చి చెవులలోను కనురెప్పలమీదను వ్రాలుచుండెను. రెండు సంవత్సరములనుండి అతడు కోసి చూచిన దోమలన్నియు వేరు జాతులకు చెందినవి. బూడిదరంగువి, చారలవి, వందలకొలదిగా కోసెను. ఏ ఒక్క దానిలోను జ్వరపు జీవి పెరుగుచుండుట కనబడలేదు. తప్పు దోమలో వెదకుచున్నానని అతనికి తెలియదు. లోకములో దోమలకు ఎన్ని జాతులున్నవో అప్పటికి సరిగా చెప్పగల పుస్తకమైనను అతని దగ్గర లేకుండెను.

ఆగస్టు నెల మధ్యలో అతని పనివారు క్రొత్తరకపు పిల్లపురుగులను సీసాలో పట్టితెచ్చిరి. వాటినుండి గోధుమవన్నె కలిగి రెక్కలపై మచ్చలున్న సన్నని దోమలు వెలువడెను. హుసేన్ ఖాన్ అను జ్వరరోగి అప్పుడు వైద్యశాలలో ఉండెను. 16వ తేదీన అతనిని దోమతెరలో పరుండబెట్టి ఆ దోమలను లోపల విడిచిరి. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పిరి. ఆ అణాలకంటె చవుకగా లోకమునకు ఇంత మేలు ఎన్నడును దొరికియుండదు.

తరువాత కొన్ని దోమలు చచ్చెను. కొన్నిటిని కోసి చూచినను ఏమియు కనబడలేదు. 20వ తేదీ మధ్యాహ్నము నాటికి రెండు మాత్రము మిగిలెను. రాస్ కన్నులు అప్పటికే అలసియుండెను. ఒక దోమను కోసి, దాని శరీరమంతయు అంగుళము అంగుళము వెదకునట్లుగా వెదకెను. ఏమియు లేదు. ఇక కడుపు గోడ మాత్రమే మిగిలెను. ఇంత వెదకిన తరువాత ఇదియు చూడవలెనా అని అతని మనస్సు వెనుదీసెను. అయినను కన్ను గాజునకు ఆనించెను. కడుపు గోడలో గుండ్రని కణమొకటి తేటగా కనబడెను; దానివెనుక మరియొకటి, మరియొకటి. ప్రతి కణములోను నల్లని రేణువులు కొన్ని ఉండెను. మనుష్యుని రక్తములోని జ్వరపు జీవిలో తప్ప అట్టి నలుపును అతడు మరెక్కడను చూచియుండలేదు. వాటి బొమ్మలను వ్రాసికొని ఇంటికి పోయి ఒక గంట నిద్రించెను. మెలకువ వచ్చినంతనే అతనికి తోచిన సంగతి యిది: అవి నిజముగా ఆ జీవులే అయినయెడల, మిగిలిన చివరి దోమలో రేపటికి ఇంకను పెద్దవై యుండవలెను. ఆ రాత్రి ఆ దోమ చచ్చి కుళ్లిపోవునేమోయని అతడు ఎంత భయపడియుండునో ఊహించుకొనవచ్చును. మరునాడు దానిని కోసి చూడగా అవి పెద్దవై యుండెను.

ఆ దినములలోనే అతడు తన నోటుపుస్తకములో కొన్ని పద్యపాదములు వ్రాసికొనెను. తాను కనుగొనినది తన గొప్పతనముచేత లభించినది కాదనియు, కనికరించిన దేవుని ఈవియేయనియు, లక్షలమందిని చంపు ఆ మరణకారకుని రహస్యము ఇక బట్టబయలాయెననియు వాటి భావము. రాస్ మిషనెరీ కాడు, ప్రసంగీకుడు కాడు. అయినను ఆ సాయంకాలమున అతడు నిలువవలసిన స్థలములో నిలిచెను. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను, ఏలయనగా దీని తరువాతి కథ ఇంత ప్రకాశమానమైనది కాదు.

కర్మెలుమీద అగ్నిని చూచిన ఏలీయా ఆ తరువాత బదరీవృక్షము క్రింద పడియుండవలసివచ్చెను. రాస్‌కు కూడ అట్లే జరిగెను. సెప్టెంబరులోనే అతనిని రాజపుతానాలోని ఖేర్వాడా అను మారుమూల దండునకు బదిలీచేసిరి. అక్కడ చలిజ్వరము దాదాపు లేదు. ఇంకొక నెల సికింద్రాబాదులో ఉండనిచ్చియుండినయెడల పని ముగిసియుండునేమో. కార్యాలయములో కాగితములు కదలించువారికి దోమ కడుపులో ఏమున్నదో ఏమి పట్టును! డిసెంబరు 18వ తేదీన అతని వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. మాన్సన్ లండనులో పట్టువిడువక ప్రయత్నించుటవలన 1898వ సంవత్సరారంభమున అతనిని కలకత్తాకు పంపి, జ్వరపరిశోధనకే నియమించిరి.

కలకత్తాలో వేరొక చిక్కు ఎదురాయెను. అది ప్లేగు కాలము. ప్రభుత్వము సూదులు వేయించునను భయముతో జనులు వ్రేలికొననుండి ఒక్క బొట్టు రక్తమిచ్చుటకైనను ఒప్పుకొనలేదు. అందుచేత రాస్ పక్షులవైపు తిరిగెను. పిచ్చుకలకును చలిజ్వరమువంటి వ్యాధి కలదు. మహమ్మద్ బక్ష్ అను నమ్మకస్థుడైన పనివాడు పక్షులను, దోమలను కనిపెట్టుచు రాత్రింబగళ్లు సహాయపడెను. కడుపు గోడలోని కణములు పెరిగి పగులుటయు, వాటినుండి సన్నని దారపుపోగులవంటి జీవులు వెలువడి దోమ శరీరమంతట వ్యాపించుటయు రాస్ చూచెను. కాని అవి చేరునది ఎక్కడికి? 1898వ సంవత్సరము జూలై మొదటివారములో దానికి జవాబు దొరికెను. దోమ తలకు సమీపమున ఉన్న లాలాజల గ్రంథిలో అవి కుప్పగా చేరియుండెను. ఆ గ్రంథినుండి నాళము నేరుగా దోమ ముక్కులోనికి పోవును. ఒక్క చూపుతో అంతయు తేటపడెను. నీటివలన కాదు, గాలివలన కాదు. దోమ కుట్టునప్పుడు ఉమ్మితోకూడ జ్వరము లోనికి పోవుచున్నది. రోగపు పిచ్చుకలను కుట్టిన దోమలచేత ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టించగా అవియు జబ్బుపడెను. మనుష్యులు విలువకట్టని పిచ్చుకలను పరలోకపు తండ్రి మరువడని ప్రభువు చెప్పియుండెను. కోట్లాది మనుష్యుల ప్రాణములు ఆ పిచ్చుకలవలననే కాపాడబడుట ఆలోచింపదగిన విషయము.

అదే సంవత్సరపు చివరి నెలలలో ఇటలీదేశములో జొవాన్ని బత్తిస్తా గ్రాస్సీయు అతని సహచరులును మనుష్యుల చలిజ్వరమును మోయునది అనాఫలిస్ జాతి దోమయేయని నిర్ధారణ చేసి, మనుష్యులలోనే దానిని రుజువుపరచిరి. అక్కడనుండి కలహము మొదలాయెను. ఎవరు ముందు? ఎవరు ఎవరి పనిని చూచి నేర్చుకొనిరి? 1902వ సంవత్సరమున వైద్యశాస్త్రమునకు నోబెల్ బహుమానము రాస్ ఒక్కనికే వచ్చెను. బ్రిటిషువారిలో నోబెల్ పొందిన మొదటివాడు అతడే. గ్రాస్సీకి పాలు దక్కలేదు. ఇరువురును ఒకరినొకరు అబద్ధికులని, దొంగలని వ్రాసికొనిరి. నిష్పక్షపాతముగా చూచినయెడల ఇరువురి పనియు నిజమైనదే. దారి తెరచినవాడు రాస్. ఆ దారి మనుష్యుని ఇంటివరకు పోవుచున్నదని చూపినవారు ఇటలీవారు. ఇంత పెద్ద పంటపొలములో ఇద్దరు కోతగాండ్రకు చోటు లేకపోయెనా? బహుమానము చేతికి వచ్చిన తరువాతయు రాస్ మనస్సు చల్లబడలేదు. ఏండ్లు గడచినకొలది కోపము ముదిరెను. తన్ను నడిపించిన మాన్సన్ మీదనే 1912వ సంవత్సరమున పరువునష్టపు దావా వేయుటకు అతడు వెనుదీయలేదు. జెబెదయి కుమారులు ప్రభువు కుడివైపునను ఎడమవైపునను కూర్చుండగోరినప్పుడు తక్కిన పదిమంది కోపపడిరి. ఆ కోపము విజ్ఞానశాస్త్రపు మందిరములోకూడ ఉన్నది. దేవుని ఈవియని ఒక రాత్రి ఒప్పుకొనినదానిని ముప్పది సంవత్సరములు తన సొత్తుగా కాపలాకాయుట ఎంత బరువైన పనియో రాస్ జీవితము చూచిన వారికి తెలియును.

అయినను ఈవి ఆగిపోలేదు. 1899వ సంవత్సరమున ఇండియా విడిచి లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్యపాఠశాలలో ఉపాధ్యాయుడైన రాస్ ఆ యేడే పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు పోయి, జ్వరము మోయు దోమలు ఏ గుంటలలో పుట్టుచున్నవో చూపెను. సూయజ్ కాలువ ఒడ్డునున్న ఇస్మాయిలియా పట్టణములో 1902వ సంవత్సరమున అతని సలహాచొప్పున గుంటలు పూడ్చి, నిలువనీటిపై నూనె చల్లగా, కొద్దికాలములోనే జ్వరము అంతరించుటకు వచ్చెను. మధ్య అమెరికాలోని పనామా కాలువపని మొదట ఫ్రెంచివారు పూనుకొనినప్పుడు దోమ తెచ్చు వ్యాధులచేత వేలమంది కూలీలు చచ్చిరి. తరువాత అమెరికావారు దోమలతో పోరాడిన పిదప కాలువ పూర్తియై 1914వ సంవత్సరమున తెరువబడెను. రాస్ స్వయముగా ఆ పనిని చూచి వచ్చెను. మారిషస్ దీవిలోను అతడు ఇట్టి పనినే చేసెను.

ఈ దినములలో అతని బాల్యపు గణితము అక్కరకు వచ్చెను. దోమలన్నిటిని చంపుట అసాధ్యము గనుక ఈ ప్రయాసయంతయు వ్యర్థమని చాలమంది అనుచుండిరి. లాహోరు వద్ద మియాన్ మీర్ దండులో చేసిన ప్రయత్నము ఫలింపలేదని వారు చూపెడివారు. రాస్ లెక్కలు వేసి, ప్రతి దోమను చంపనక్కరలేదనియు, వాటి సంఖ్య ఒక మట్టమునకు క్రిందికి దిగినయెడల జ్వరము తనంతట తానే సన్నగిల్లిపోవుననియు నిరూపించెను. 1910వ సంవత్సరమున వెలువడిన అతని పెద్ద గ్రంథములో ఈ విధానము విపులముగా ఉన్నది. అంటువ్యాధుల విస్తరణను లెక్కకట్టు శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పునాదిమీదనే కట్టుచున్నారు. తండ్రి కోరిన వైద్యవిద్యయు, తాను కోరుకొనిన గణితమును ఒక్కచోట కలిసిన ఈ పనియే అతని జీవితములో అన్నిటికంటె పెద్దదని చెప్పువారును కలరు.

1911వ సంవత్సరమున అతనికి సర్ బిరుదు వచ్చెను. మూడు సంవత్సరములకే మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. అది మొదలైన నెలలోనే, 1914వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన, ఫ్రాన్సులోని ల కాటో యుద్ధభూమిలో పెద్దకుమారుడు కాంప్‌బెల్ కూలెను. ఆగస్టు మాసము రాస్‌కు ఎంత గొప్ప దినమును ఇచ్చెనో అంత చేదు దినమునుకూడ ఇచ్చెను. మసూచికమునకు టీకా కనుగొనిన జెన్నరునకు పార్లమెంటు ధనసహాయము చేసినట్లు తనకును చేయవలెనని రాస్ అర్జీ పెట్టుకొనెను, ప్రభుత్వము త్రోసివేసెను. 1926వ సంవత్సరమున లండనులో అతని పేరట ఒక పరిశోధనాలయము స్థాపింపబడెను గాని, ఇంటి కర్చులు అతనిని వేధించుచునే యుండెను. ఎన్నో ఏండ్లుగా పదిలపరచుకొనిన ఉత్తరములను, కాగితములను 1928వ సంవత్సరమున అమ్ముకొనవలసివచ్చెను. 1931వ సంవత్సరమున భార్య రోసా మరణించెను. మరుసటి సంవత్సరము, 1932 సెప్టెంబరు 16వ తేదీన రాస్ లండనులో తుదిశ్వాస విడిచెను.

అతడు చూపిన యుద్ధము అతనితో ముగియలేదు. తూర్పు కనుమలలో రైలుమార్గములు వేసిన బెంగాల్-నాగపూర్ రైల్వే, ఆ అడవుల జ్వరమును అరికట్టుటకు సీనియర్-వైట్ అను దోమల నిపుణుని ఉద్యోగమందు నియమించుకొనెను. రాయపూరు రాజధానిగానున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో, బస్తరు అడవులలోని పల్లెలందు 2020వ సంవత్సరమునుండి ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి నడచిపోయి, జ్వరము లేనివారి వ్రేలినుండిసహా ఒక్కొక్క బొట్టు రక్తము తీసి పరీక్షించి, జీవి కనబడినవారికి అక్కడనే మందిచ్చుటకు ప్రారంభించిరి. కలకత్తాలో ఎవరును ఇయ్యనొల్లని ఆ రక్తపు బొట్టును ఈ గిరిజనులు చేయిచాపి ఇచ్చిరి. పని ఇంకను మిగిలియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2023వ సంవత్సరమున లోకమందు సుమారు 5,97,000 మంది మలేరియావలన మరణించిరి. వారిలో అధికులు ఆఫ్రికాలోని పసిపిల్లలు.

బేగంపేటలో రాస్ పనిచేసిన ఇల్లు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనములో అతని పేరుతోనే నిలిచియున్నది. కలకత్తాలో అతడు పిచ్చుకలను పరీక్షించిన వైద్యశాల గోడలో 1927వ సంవత్సరమున ఒక జ్ఞాపకద్వారము కట్టి, వృద్ధుడైన అతనిని పిలిపించి అతని యెదుటనే తెరచిరి. ఆ ద్వారపు రాతిమీద గ్రాస్సీతో జరిగిన వివాదము ప్రసక్తి లేదు. సికింద్రాబాదులో ఆ ఆగస్టు దినమున, బహుమానములును కలహములును ఇంకను రాకముందు, దేవునికి కృతజ్ఞత చెప్పుచు అతడు వ్రాసికొనిన పద్యపాదములు మాత్రము దానిపై చెక్కబడియున్నవి.